శీతాంబరికి మూడున్నర

భరణి కార్తె, ఏడో రోజు

నేను రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఒక శాలువా, వాడకుండా మిగిలిపోయిన తనిఖీ డైరీలు నాలుగు ఇచ్చి పంపారు. ఈ ఊళ్ళో శాలువా ఎవడు కప్పుకుంటాడు? డైరీలు మాత్రం పనికొస్తున్నాయి. ప్రతి పేజీకి పైన "హోటలు పేరు" అనీ, అడుగున "పరిశీలకుని సంతకం" అనీ అచ్చు వేసి ఉంటుంది. ఆ రెండింటి మధ్యా మా ఇంటి సంగతులు రాసుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు హోటళ్ళకి స్టార్లు ఇచ్చిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు.

పొద్దున్న ఏడింటికే కొండ కాలిపోతోంది. మాది విద్యాధరపురం కొండవార ఇల్లు. మా ఆవిడ తిరుపతమ్మ గుమ్మం నీడలో కూచుని రోట్లో గోంగూర నిల్వపచ్చడి నూరుతోంది. మిక్సీ తిప్పి ఏడాది దాటింది. చలికాలమంతా ఫ్యాను కూడా వెయ్యలేదు. అలా మిగిల్చిన కరెంటు యూనిట్లన్నీ రోహిణి పాటకోసం దాచాం.

రోహిణి కార్తె పద్నాలుగు రోజులూ పగటిపూట ఇళ్ళకి కరెంటు ఇవ్వరు. ఉన్నదంతా హోటళ్ళకి పంపిస్తారు, జనం ఆ వెనకే మూటాముల్లె సర్దుకుని హోటళ్ళకి పోతారు. ఎవరికి ఏ గదన్నది ఫోనులో పాట పాడుకోవాలి. పేట ఎంచుకోవాలి, ఎన్ని స్టార్లో ఎంచుకోవాలి, ఎన్ని యూనిట్లు ఇస్తామో రాయాలి. పాట కుదిరేదాకా హోటలు పేరు చూపించరు. కుదిరాక వద్దనడానికి లేదు. ఇంటికి ఒక్క పాటే.

పోయిన ఏడు నేను నాలుగు స్టార్లకి పాడాను. మాజీ పరిశీలకుణ్ణి, మూడుకి పాడితే నామోషీ అనుకున్నాను. మా యూనిట్లు చాల్లేదు, పాట కుదరలేదు, ఇంట్లోనే ఉండిపోయాం. మూడో రోజు మధ్యాహ్నం తిరుపతమ్మ ఇదే గుమ్మంలో పడిపోయింది. బతికింది. కానీ అప్పట్నుంచి ఆవిడ ఒంటికి చెమట పట్టడం పోయింది. ఇంకో వడదెబ్బ తగిలితే తను చేసేదేమీ ఉండదనీ, రోహిణి పద్నాలుగు రోజులూ చల్లటి గదిలో ఉంచి తీరాలనీ డాక్టరమ్మ నా మొహమ్మీదే చెప్పింది.

"చెమట పట్టకపోతే చీర మాయదు. సబ్బు కలిసొచ్చింది కదండీ" అంటుంది తిరుపతమ్మ. ఆవిడ నవ్వుతుంటే నాకు భయమేస్తోంది.

కృత్తిక కార్తె, రెండో రోజు

మా అరుగు మీద స్టార్ల బడి మొదలైంది. పాటలు దగ్గరపడితే చుట్టుపక్కల వాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. ఇవాళ పక్కింటి రాజ్యం వచ్చింది. జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది, మొగుడు పోయాడు, తనూ అత్తగారూ ఉంటారు. ఏటా రెండు స్టార్లకే పాడుతుంది.

"అన్నయ్యా, రెండుకీ మూడుకీ తేడా ఏంటి అసలు?"

"రెండులో లిఫ్టు ఉండదు, మూడులో ఉంటుంది. రెండులో మనిషికి ఒక తువ్వాలు, మూడులో రెండు. మూడున్నర కావాలంటే సగం గదులకి పైగా పెద్ద కిటికీలుండాలి, మేడమీద భోజనశాల ఉండాలి."

"మరి చల్లదనమో?"

"అది అన్నిట్లోనూ ఉంటుందమ్మా. ఫారంలో ఇరవై తొమ్మిదో నంబరు. శీతల యంత్రం: కలదు, లేదు. కలదు దగ్గర టిక్కు పెడతాం."

"ఎంత చల్లగా ఉంటదని అడగరా?"

"ఆ ప్రశ్న ఫారంలో లేదు" అన్నాను. నవ్వాను కూడా. అంత తెలివితక్కువ ప్రశ్న ఎవరడుగుతారని నా ధీమా.

లోపల్నుంచి తిరుపతమ్మ అంది: "ఆయన్నేం అడుగుతావే రాజ్యం. తువ్వాళ్ళు లెక్కపెట్టే ఉద్యోగం ఆయనది."

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

ఇవాళ పాడాను. లబ్బీపేట, మూడున్నర స్టార్లు. మా దగ్గరున్న యూనిట్లన్నీ పెట్టేశాను.

హోటలు పేరు దాస్తారు గాని సౌకర్యాలు చూపిస్తారు. తెలిసినవాడికి అది చాలు. లిఫ్టు, అల్పాహారం, మేడమీద భోజనశాల, చేపల తొట్టి. లబ్బీపేటలో మూడున్నరలు మూడే ఉన్నాయి, మూడూ నేనిచ్చినవే. వాటిలో చేపల తొట్టి ఉన్నది ఒక్కటే. హోటల్ శీతాంబరి.

ఆ పేరు చెప్పగానే తిరుపతమ్మ మొహం వెలిగిపోయింది. పదకొండేళ్ళ కిందట ఆ హోటలు తనిఖీకి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళాను. రెండు రోజులున్నాం. పెళ్ళయ్యాక మేమిద్దరం ఇల్లు వదిలి సరదాగా ఉన్నది ఆ రెండు రోజులే. ధనుర్మాసం. పొద్దున్నే గదికి వేడి పొంగలి తెచ్చిచ్చేవారు. ఏడో అంతస్తులో పడమటి గోడంతా ఒకటే అద్దం. తిరుపతమ్మ దుప్పటి కప్పుకుని ఆ అద్దం ముందే కూచుని, సాయంత్రం ఎండ ఒంటిమీద పడుతుంటే లేచేది కాదు.

నేను ఫారం నింపితే మూడు వచ్చింది. ఆవిడ పక్కన కూచుని చూసి, "ఇంత మంచిగా చూసుకున్నారు, ఇంకో అర ఇవ్వండి" అంది. నా ఉద్యోగంలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే. కిటికీల దగ్గరా, మర్యాదల దగ్గరా మార్కులు పెంచి మూడున్నర చేశాను. పొంగలికి అమ్ముడుపోయానని ఎవరైనా అంటే అనుకోనీ.

తనిఖీలన్నీ ధనుర్మాసంలోనే చేస్తాం. అది నేను పెట్టిన పద్ధతే. అంతకుముందు వైశాఖంలో వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు మా తోటి పరిశీలకుడు కోటిలింగం హోటలు మెట్ల మీదే వడదెబ్బకి పోయాడు. ఆ మర్నాడే రూలు రాసి పై అధికారులకి పంపాను, మంజూరు చేశారు. అప్పట్నుంచి మా వాళ్ళెవరూ ఎండకి పోలేదు.

కృత్తిక కార్తె, పదో రోజు

కుదిరింది! ఫోను తెర మీద పేరు పడింది. శీతాంబరే. నేను చెప్పింది చెప్పినట్టు.

రాజ్యం కూడా వచ్చి సంతోషపడింది. ఆవిడ పాట వన్‌టౌన్‌లో కుదిరింది, ఏదో పాత లాడ్జి. నాకు తెలుసు ఆ లాడ్జి. ఒకప్పుడు మిర్చి కొట్టు. మూరెడు మందం గోడలు, గదులకి కిటికీలే లేవు. కిటికీలు లేవని ఒక స్టారు కోసేసింది నేనే. "సర్దుకోవాలమ్మా" అన్నాను పెద్దమనిషి తరహాలో.

తిరుపతమ్మ పట్టుచీర కూడా సర్దింది. ఆసుపత్రికి పోతున్నట్టు కాదు, పెళ్ళికి పోతున్నట్టు ఉంది ఆవిడ హడావిడి.

రోహిణి కార్తె, మొదటి రోజు

తెల్లారకముందే బయల్దేరి ఆరింటికి శీతాంబరి చేరాం. ముందు హాల్లో చేపల తొట్టి ఉంది గాని చేపల్లేవు. నీళ్ళు కూడా లేవు. ఎదురుగోడకి పటం కట్టి నా సర్టిఫికెట్టు. మూడు స్టార్లు, ఒక సగం, కింద పో. వీరాంజనేయులు అని నా సంతకం. తిరుపతమ్మ దాన్ని వేలితో తడిమి చూసింది.

మేనేజరు సీతాపతి నన్ను గుర్తుపట్టాడు. పాపం, లేచి నిలబడ్డాడు. "సార్‌కి రెండో అంతస్తులో గోడ వైపు గది వచ్చిందేంటమ్మా, మార్చండి. ఏడు వందల నాలుగు ఇవ్వండి, కిటికీ గది" అని కుర్చీలో ఉన్న అమ్మాయిని కేకలేశాడు. నేను దండం పెట్టాను. తిరుపతమ్మ ఆనందం చెప్పనక్కర్లేదు.

పదింటిదాకా గది బాగానే ఉంది.

రోహిణి కార్తె, మూడో రోజు

రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు. ఏడు వందల నాలుగులో గోడలకున్న సున్నం పొరలుపొరలుగా లేస్తోంది.

హోటలు నిండింది. నూటపది గదులకీ యంత్రం ఒకటే. కింద అంతస్తుల వాళ్ళు పీల్చుకోగా పైకి వచ్చేది ఉత్త గాలి. పన్నెండు నుంచి నాలుగు దాకా లోడు ఎక్కువై హోటళ్ళకీ కరెంటు పోతుంది, అప్పుడు జనరేటరు వెయ్యాలి. వేస్తారు. అది పావుగంట తిరిగి కొండెక్కుతుంది. ధనుర్మాసంలో నేను దాన్ని ఎంతసేపు పరీక్ష చేశానో గుర్తు తెచ్చుకున్నాను. టీ తాగినంతసేపు. దాని మోత వింటూ టీ తాగి, కలదు అని టిక్కు పెట్టాను.

ఒంటిగంట దాటాక ఎండ ఆ అద్దం మీదికి వస్తుంది. దుప్పట్లు అడ్డం కట్టాను. దుప్పట్లే కాలిపోతున్నాయి. తిరుపతమ్మని స్నానాల గదిలో నేలమీద పడుకోబెట్టి తడిబట్ట కప్పాను. కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్ళు.

సీతాపతి దగ్గరికి వెళ్ళి రెండో అంతస్తులో ఆ గోడ వైపు గది ఇమ్మన్నాను.

"అది అప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం సార్. వాళ్ళు కదల్రు. రేపటికి మెకానిక్కు వస్తాడు, మీరు కంగారుపడకండి."

సాయంత్రం రాజ్యం ఫోను చేసింది. "అన్నయ్యా, మా గది చీకటి గుయ్యారం గాని చల్లగా ఉంది. మిరపకాయల ఘాటుకి తుమ్ములొస్తున్నాయి, అంతే. మా అత్త ఆడపడుచు దగ్గరికి పోయింది. ఒక మనిషి చోటు ఖాళీ. వదిన్ని పంపించండి."

తిరుపతమ్మ నా మొహంకేసి చూసింది. "వెళ్దునా?" అంది.

"రేపు మెకానిక్కు వస్తాడంటున్నాడుగా. మూడున్నర వదిలేసి ఆ మిర్చి కొట్టుకా?" అన్నాను.

ఆవిడ తడిబట్ట మళ్ళీ కప్పుకుంది. ఎప్పుడూ అంతే, నేనొకటి అన్నాక ఇంకో మాట అనదు.

రోహిణి కార్తె, ఐదో రోజు

మెకానిక్కు రాలేదు. ఊరంతా ఇదే గోలట, ఎవడూ దొరకడట.

పొద్దున్నించీ తిరుపతమ్మ మాట తడబడుతోంది. ఒళ్ళు పెనం లాగా ఉంది, పొడిగా ఉంది. అంబులెన్సుకి ఫోను చేస్తే మా ముందు మూడు వందల నలభై మంది ఉన్నారన్నారు. ఆవిణ్ణి లిఫ్టులో కిందికి దించుదామంటే లిఫ్టు నడవట్లేదు. మూడులో లిఫ్టు ఉంటుందని రాజ్యానికి పాఠం చెప్పింది నేనే. నాకు అరవై మూడు. ఎలాగో వీపున వేసుకుని ఏడంతస్తులూ దించాను. ముందు హాల్లో కాలు పెట్టడానికి లేదు, పైఅంతస్తుల జనమంతా అక్కడే పడి ఉన్నారు. నాలుగో అంతస్తు ఆయన, ఎవరో పెద్దాయన, జరిగి చోటిచ్చాడు.

విసరడానికి ఏమీ లేదు. తువ్వాలుతో విసిరాను, గాలి రావట్లేదు. లేచి గోడమీది పటం దించి, వెనక మేకులు పీకి, అద్దం పక్కన పెట్టి, లోపలి సర్టిఫికెట్టు అట్ట తీశాను. మందంగా ఉంది, గాలి బాగానే వచ్చింది. సీతాపతి చూసి, తల తిప్పుకున్నాడు.

పక్కాయన అడిగాడు: "ఈ హోటలుకి ఆ స్టార్లు ఇచ్చిన మహానుభావుడు ఎవడండీ? సంతకం ఎవడిదో చూడండి."

"సరిగా కనపడట్లేదండి" అన్నాను.

తిరుపతమ్మ కళ్ళు తెరిచింది. విని ఉంటుంది. అట్టవైపు చూసి, పెదాలు కదిపింది. నేను వంగి చెవి పెట్టాను.

"ఆ అర నేనే అడిగాను కదండీ" అంది.

"నువ్వు ఊరుకో" అన్నాను.

రాజ్యానికి ఫోను చేసి రేపు పొద్దున్నే వస్తున్నామన్నాను. ఈ ఎండలో వన్‌టౌన్ దాకా తీసుకెళితే దారిలోనే పోతుంది. రేపు తెల్లవారి ఐదింటికి బండి మాట్లాడాను. ఇంకా పదహారు గంటలు. విసురుతూనే ఉన్నాను. ఎడం చేత్తో ఇది రాస్తున్నాను.

రోహిణి కార్తె, ఆరో రోజు

నిన్న మధ్యాహ్నం మూడుంబావుకి తిరుపతమ్మ పోయింది.

నేను చాలాసేపటిదాకా విసురుతూనే ఉన్నానట. పక్కాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. బండి ఐదింటికి వచ్చింది. రాజ్యం దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పినవాణ్ణి, వేరేచోటికి తీసుకెళ్ళమన్నాను.

మృగశిర కార్తె, రెండో రోజు

చినుకులు పడ్డాయి. కొండమీదనుంచి ఆవిరి లేచింది. ఇంట్లో రోలు అలాగే ఉంది, పొత్రం లోపల ఉంది. ఆవిడ నూరిన గోంగూర పచ్చడి జాడీ అడుగున కాస్త మిగిలింది. తినలేకపోయాను, పారబొయ్యలేకపోయాను.

ఆఫీసుకి వెళ్ళాను. ఇప్పుడు నా కుర్చీలో సుదర్శనం ఉన్నాడు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కాళ్ళకి దండం పెట్టాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మనసులేని మనిషి కాదు.

"సుదర్శనం, ఒక్కటే అడుగుతున్నా. రోహిణిలో తనిఖీ చెయ్యండి. ఎండ ముదిరినప్పుడు ప్రతి హోటల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కూచోండి. ఇంకేం చూడక్కర్లేదు."

"రోహిణిలో మన స్టాఫుని ఎలా పంపుతాం సార్? ఒక్కడికి ఏమైనా అయితే? ఆ రూలు రాసింది మీరే కదా."

కోటిలింగం భార్య మొహం గుర్తొచ్చింది. ఆ రూలు రాసినప్పుడు నేను తప్పు చేశానని ఇప్పటికీ అనలేను. చెయ్యలేదనీ అనలేను.

బయటికి వస్తూ గోడమీద పట్టిక చూశాను. నా హయాంలో, ఆ రూలు వచ్చాక స్టార్లిచ్చిన హోటళ్ళు నూటఅరవై రెండు. ప్రతిదానిలో నేను పడుకున్నాను, తిన్నాను, తువ్వాళ్ళు లెక్కపెట్టాను. ఒక్కదానిలోనూ ఎండాకాలం ఒక్క పూట ఉండలేదు.

మృగశిర కార్తె, నాలుగో రోజు

పొద్దున్న ఫోను మోగింది. "శీతాంబరిలో మీ బస ఎలా ఉంది? మధ్యాహ్నం పన్నెండులోగా స్టార్లు ఇవ్వండి. ఇవ్వనిచో పాత స్టార్లే కొనసాగును." కింద ఐదు చుక్కలు. సున్నా లేదు. మాజీ పరిశీలకుడి ఓటుకి వందమంది ఓట్ల బలమని కింద సన్న అక్షరాల్లో గుర్తుచేశారు. అంటే నేనేది నొక్కితే శీతాంబరి ఇంచుమించు అదే అవుతుంది.

రాజ్యం కంచంలో అన్నం పెట్టుకుని తెచ్చింది. రోజూ తెస్తోంది. నా భుజమ్మీదుగా తెర చూసింది.

"ఒకటి నొక్కండి అన్నయ్యా. నొక్కండి. ఆ దరిద్రులకి బుద్ధి రావాలి."

"ఒకటి నొక్కితే, పాత ఓట్లతో కలిపి ఆ హోటలు కిందికి, రెండులోకి దిగుతుంది. వచ్చే రోహిణికి లబ్బీపేటలో రెండుకి పాడేవాళ్ళకి ఆ గది వస్తుంది. రెండుకి పాడేది ఎవరమ్మా?"

కంచం కింద పెట్టింది. వాళ్ళ అత్తగారు పక్కింటి గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతోంది, ఆవిడ కేసి చూసింది.

"పోనీ ఐదు నొక్కండి. ఉన్నోళ్ళకి తగులుద్ది" అంది. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఛ, ఏం మాటన్నాను. వాళ్ళల్లో మాత్రం వదినలాంటి వాళ్ళు ఉండరా."

"ఉంటారు."

"మరి మూయించలేరా అన్నయ్యా?"

"స్టార్లు దేన్నీ మూయించవమ్మా. ఎవరు ఏ గదిలో పడాలో చెప్తాయి, అంతే. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే."

రాజ్యం కంచం మళ్ళీ నా ముందుకి జరిపింది. ఆ అన్నం ఎండిపోయింది. వెళ్ళబోతూ, నా మీద గౌరవం కొద్దీ, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "మరి వచ్చే ఏడు దేనికి పాడమంటారు?"

"నాకు తెలీదు రాజ్యం" అన్నాను. ఈ అరుగు మీద కూచుని ఆ మాట అనడం ఇదే మొదలు.

పదకొండున్నరకి మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఒకటి మీద వేలు పెట్టాను, తీశాను. ఐదు మీద పెట్టాను, తీశాను. మధ్యలో ఎక్కడ నొక్కినా అక్కడ ఎవరో ఒకరు దుప్పటి అడ్డం కట్టుకుంటున్నట్టు కనిపిస్తోంది. నొక్కకపోయినా అంతే, అదీ తెలుసు. పైగా ఇంకొకటి ఉంది, రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. ఏది నొక్కినా ఆ సగం స్టారు చెరిగిపోతుంది. తిరుపతమ్మ నన్ను అడిగిందీ, నేను కాదనకుండా ఇచ్చిందీ ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

పన్నెండయింది. ఫోను దానంతటదే మాట్లాడింది. శీతాంబరి: మూడున్నర. పరిశీలకులు: పో. వీరాంజనేయులు.

మూడూ నేనిచ్చినవి. అర ఆవిడది.